మగ్గం ఒక్కటే ఇస్తే సరిపోదు: అఫ్గాన్ ఆడవాళ్ల తివాచీ, వాళ్ల చేతికొచ్చే కూలి

2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్లాక అఫ్గానిస్తాన్‌లో ఆడవాళ్లు చేసుకోగలిగిన పనులు ఒక్కొక్కటిగా పోతూ వచ్చాయి. ఆ సెప్టెంబర్‌లో మగపిల్లలకు హైస్కూళ్లు తెరిచి ఆడపిల్లలను ఇంట్లో ఉండమన్నారు, 2022 డిసెంబర్‌లో యూనివర్సిటీ చదువు బంద్ చేశారు, అదే నెలలో స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగాలు కూడా వద్దన్నారు, 2023 జూలైలో బ్యూటీ పార్లర్లు మూయించారు, 2024 డిసెంబర్‌లో నర్సు, మిడ్‌వైఫ్ కోర్సులు ఆపేశారు. ఇన్ని పోయినా తివాచీ నేత మాత్రం మిగిలింది. నాలుగు గోడల మధ్య జరిగే పని, ఇంటి మగవాళ్లకు అభ్యంతరం లేని పని, దేశానికి కాస్తో కూస్తో డాలర్లు తెచ్చే పని కాబట్టి పాలకులు దీని జోలికి పెద్దగా రాలేదు. ఆడవాళ్లే నడుపుతూ ఆడవాళ్లే పనిచేసే షెడ్లు కూడా కొన్ని నగరాల్లో నడుస్తున్నాయి.

సాయం చేయాలనుకునే వాళ్లందరి చూపూ అందుకే తివాచీ మీద పడింది. మగ్గాలు కొనివ్వడం, కొన్ని నెలలు నేర్పించడం, ఇంతమందికి ఉపాధి చూపించామని చెప్పడం. అందులో తప్పేమీ లేదు, మంచి ఉద్దేశమే. కానీ అఫ్గాన్ తివాచీ విషయంలో నేత రాకపోవడం ఎప్పుడూ అసలు సమస్య కాదు. నేత వాళ్లకు తరతరాలుగా వచ్చు. ఊలు ఎవరి చేతిలో ఉంది, ధర ఎవరు చెబుతారు, డబ్బు చివరికి ఎవరి జేబులో పడుతుంది అన్న మూడు చోట్లా నేసే మనిషి లేకపోవడమే సమస్య. ఈ మూడింట్లో కనీసం ఒక్కదాన్నైనా మార్చని కార్యక్రమం ఎన్ని మగ్గాలు పంచినా కూలివాళ్ల సంఖ్యను పెంచుతుంది, అంతే. కూలివాళ్లు పెరిగితే కూలి తగ్గుతుందని వేరే చెప్పక్కర్లేదు.

తివాచీ అనగానే పర్షియా గుర్తుకొస్తుంది గానీ అఫ్గాన్ తివాచీకి తనదైన ఊరూ పేరూ ఉన్నాయి. ఉత్తరాన ఆండ్‌ఖోయ్, ఆక్చా, మజారె షరీఫ్, కుందుజ్ వైపు తుర్క్‌మెన్, ఉజ్బెక్ ఇళ్లలో తల్లి పక్కన కూర్చుని కూతురు నేర్చుకునే పని ఇది. ముదురు ఎరుపు నేల, దాని మీద వరుసగా 'గుల్' అనే ఎనిమిది పలకల పువ్వులు, వాటిలో పెద్దదాన్ని 'ఫిల్‌పాయ్' అంటారు, ఏనుగు పాదం అని. పడమట హెరాత్ చుట్టుపక్కల బలూచీల నేత వేరు, చిన్న చాపలు, నలుపూ నీలమూ కలిసిన ముదురు రంగులు. బామియాన్‌లో, కాబూల్ పడమటి కొసన దష్తె బర్చీలో ఉండే హజారా తెగవాళ్లలో చాలామంది ఈ పనిని ఇరాన్, పాకిస్తాన్‌లలో శరణార్థులుగా ఉన్నప్పుడు నేర్చుకుని వచ్చారు. 2021 తర్వాత దష్తె బర్చీలో మగ్గాల ముందు కొత్తగా కూర్చున్న వాళ్లలో టీచర్లు, ఆఫీసు ఉద్యోగులు, యూనివర్సిటీ విద్యార్థినులు ఉన్నారు. పేదరికంలో పుట్టి నేతలోకి వచ్చినవాళ్లు కారు వీళ్లు, చదువులో నుంచి, జీతంలో నుంచి వెళ్లగొడితే వచ్చినవాళ్లు. అందుకే తివాచీ నేతను 'మహిళా సాధికారత' అని పిలిచే ముందు కొంచెం ఆగాలి. వాళ్లకు ఇది కోరుకున్న పని కాదు, మిగిలిన పని.

ఇక పని సంగతి. వరంగల్ కొత్తవాడలో నేసే దరీ తెలిసినవాళ్లకు ఈ తేడా సులువుగా అర్థమవుతుంది. దరీలో పడుగులోకి పేక ఎక్కించి గట్టిగా కొడుతూ పోతారు, ముడులు ఉండవు, నేత బల్లపరుపుగా ఉంటుంది. అఫ్గాన్ తివాచీలో ప్రతి రంగు చుక్కా ఒక ముడి. ఎడమచేతి వేళ్లతో పడుగులో పక్కపక్కనున్న రెండు దారాలను ముందుకు లాగి, ఊలు పోగును వాటి చుట్టూ తిప్పి కిందికి లాగి, కుడిచేతిలో ఉన్న చిన్న కత్తితో పోగును తెంపుతారు. అలా ఒక వరుస మొత్తం ముడులు వేశాక అడ్డంగా పేక పోగును నడిపి, ఇనుప పళ్లున్న బరువైన దువ్వెనతో దభీదభీమని కిందికి దిగేసి, పైకి లేచిన కొసలను కత్తెరతో సమంగా కత్తిరిస్తారు. ఆ తర్వాత మళ్లీ వరుస. తుర్క్‌మెన్ పల్లెల్లో మగ్గాన్ని నేల మీద పరిచి నాలుగు మూలలా మేకులు దిగ్గొడతారు కాబట్టి, నేసేకొద్దీ ఆడమనిషి అప్పటిదాకా తాను నేసిన తివాచీ మీదే వంగి కూర్చుని ముందుకు జరుగుతూ ఉంటుంది. ఊరూరా తిరిగే రోజుల్లో మేకులు పీకి చుట్టుకుని పోవడానికి అది బాగానే పనికొచ్చింది, నడుముకు మాత్రం కాదు.

చదరపు అంగుళానికి వంద ముడులున్న మామూలు రకం తీసుకుందాం. చదరపు మీటరులో దాదాపు 1,550 చదరపు అంగుళాలు ఉంటాయి కాబట్టి మీటరుకు లక్షా యాభై అయిదు వేల ముడులు. చెయ్యి తిరిగిన మనిషి రోజుకు 8,000 ముడులు వేస్తుందనుకుంటే, ఎనిమిది గంటల్లో ఒక్కో ముడికీ నాలుగు సెకన్లు కూడా ఉండవు. అయినా ఒక్క మీటరుకు పందొమ్మిది రోజులకు పైగా పడుతుంది. రెండు మీటర్లు బై మూడు మీటర్ల తివాచీ అంటే ఆరు చదరపు మీటర్లు, తొమ్మిది లక్షల ముప్పై వేల ముడులు, ముగ్గురు ఆడవాళ్లు ఇంకే పనీ పెట్టుకోకుండా కూర్చున్నా నలభై రోజులు. కానీ ఇంకే పనీ లేకుండా ఏ ఇంట్లోనైనా ఎవరు కూర్చోగలరు? నీళ్లు, రొట్టెలు, పిల్లలు, పశువులు, చలికాలంలో పొయ్యి, ఇవన్నీ చూసుకుంటూ ఆ మధ్యలో నేస్తే అదే తివాచీ మూడు నాలుగు నెలలు పడుతుంది.

ఇప్పుడు కూలి లెక్క చూడండి, మోసం దాగేది ఇక్కడే. కూలి రోజుకు ఇంత అని ఉండదు, మీటరుకు ఇంత అని ఉంటుంది. మాటవరసకు మీటరుకు 60 డాలర్లు అనుకుందాం. పై లెక్క ప్రకారం రోజుకు మూడు డాలర్లు పడింది. అదే వ్యాపారి ఈసారి చదరపు అంగుళానికి రెండొందల ముడుల సన్నరకం డిజైన్ తెచ్చి, 'మీటరుకు 90 ఇస్తాను' అంటే వినడానికి కూలి పెరిగినట్టే ఉంటుంది, ఇంట్లో మగవాళ్లు సంతోషంగా ఒప్పుకుంటారు. కానీ ముడులు రెట్టింపు, రోజులూ రెట్టింపు, డబ్బు మాత్రం ఒకటిన్నర రెట్లు. రోజు కూలి రెండు డాలర్ల పై చిల్లరకు దిగిపోయింది. చదువు రాని, లెక్క రాయని ఇంట్లో ఈ తేడా ఎవరికీ కనిపించదు. మీటరు ధర చూపించి 'మంచి కూలి ఇస్తున్నాం' అని చెప్పే ఏ సంస్థనైనా మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: ఏ సాంద్రతకు, ఎన్ని రోజులకు?

మరి వ్యాపారి చెప్పిన ధరకు ఎందుకు ఒప్పుకుంటున్నారంటే, ఊలు అతనిది కాబట్టి. సొంత గొర్రెల ఊలు వడికి, మంజిష్ఠ జాతి వేళ్లతో ఎరుపు, దానిమ్మ తొక్కతో పసుపు, అక్రోటు తొక్కతో గోధుమరంగు అద్దుకుని నేసి, సంతకు తీసుకెళ్లి అమ్ముకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి, గజనీ గొర్రెల ఊలుకు ఇప్పటికీ మంచి పేరుంది. అయితే ఒక పెద్ద తివాచీకి కావలసిన ఊలూ రంగులూ కొనడానికి ముందే చేతిలో డబ్బుండాలి, తివాచీ అమ్ముడయ్యేదాకా మూడు నాలుగు నెలలు ఇల్లు గడవాలి. కరువుకాటకాల్లో, యుద్ధంలో గొర్రెలు పోయిన ఇంట్లో ఆ డబ్బు ఎక్కడిది? వ్యాపారి మిల్లు దారం, డిజైన్ కాగితం, కొంత అడ్వాన్సు తెచ్చి ఇస్తాడు. ఆ అడ్వాన్సుతో పిండి, నూనె కొంటారు. తివాచీ అయ్యాక అంచు వంకర ఉందని, రంగు తేడా వచ్చిందని కోత పడుతుంది, అడ్వాన్సు మినహాయిస్తాడు, చేతికొచ్చిన దానితో పాత బాకీ తీరదు కాబట్టి మళ్లీ అతని దారమే ఎక్కించాలి. మన చేనేతలో మాస్టర్ వీవర్ దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఇళ్లకు ఈ కథ కొత్తది కాదు.

పైగా ఆడమనిషి నేరుగా బజారుకు వెళ్లి ధర అడిగే వీల్లేదు. 72 కిలోమీటర్లకు మించిన ప్రయాణానికి మగతోడు, అంటే మహ్రమ్ ఉండాలని 2021 డిసెంబర్‌లో చెప్పారు, ఆ తర్వాత చాలాచోట్ల అంతకంటే తక్కువ దూరానికి కూడా అడుగుతున్నారు. బేరం చేసేది భర్తో, కొడుకో, మరిదో. భర్త చనిపోయి, పిల్లలు చిన్నవాళ్లయిన ఇంట్లో ఆ పని ఎవరు చేయాలి? పొరుగింటి మగమనిషి. అతని వాటా అతనికి. ముప్పై నలభై ఏళ్లుగా యుద్ధాలు చూసిన దేశంలో అలాంటి ఇళ్లు తక్కువేమీ కావు.

నేత పూర్తయిన తివాచీ ఇంకా సరుకు కాదు, ముడి సరుకే. దాన్ని కడగాలి, ఎండబెట్టాలి, సాగదీసి అంచులు సరిచేయాలి, నూగును ఒకే ఎత్తుకు కత్తిరించాలి. మెరుపు అప్పుడు వస్తుంది, ధర కూడా అప్పుడే వస్తుంది. ఈ పని చాలా ఏళ్లపాటు పాకిస్తాన్‌లో జరిగింది, పెషావర్‌లో, లాహోర్‌లో. 1979లో సోవియట్ సేనలు వచ్చాక లక్షల మంది సరిహద్దు దాటి వెళ్లిపోవడంతో నేతగాళ్లూ వ్యాపారులూ అక్కడే స్థిరపడ్డారు, కడిగే ఫ్యాక్టరీలు అక్కడే లేచాయి, అమెరికా యూరప్ కొనుగోలుదార్లు అక్కడికే వచ్చారు. ఆ తర్వాత అఫ్గానిస్తాన్‌లో నేసిన తివాచీ కూడా పచ్చిగా తోర్ఖమ్ సరిహద్దు దాటి, అక్కడ కడిగించుకుని, పాకిస్తాన్ తివాచీ అన్న ముద్రతో ఓడ ఎక్కేది. కష్టం ఒక దేశానిది, పేరు, లాభం ఇంకో దేశానివి. దీన్ని తప్పించుకోవడానికే కాబూల్, మజార్ వైపు సొంత కడుగుడు కేంద్రాలు పెట్టే ప్రయత్నాలు, 2017 జూన్‌లో కాబూల్ నుంచి ఢిల్లీకి సరుకు విమానాల దారి తెరవడం లాంటివి జరిగాయి. 2025 అక్టోబర్‌లో పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ సైన్యాల మధ్య కాల్పులు జరిగి సరిహద్దు మూసేసినప్పుడు ఒకే దారి మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో మరోసారి బయటపడింది. అసలు లాభం కడగడం దగ్గర, అమ్మడం దగ్గర ఉన్నప్పుడు ఆడవాళ్లకు నేత ఒక్కటే నేర్పడమంటే, గొలుసులో అన్నిటికంటే తక్కువ డబ్బొచ్చే చోట వాళ్లను కూర్చోబెట్టడమే.

డబ్బు దేశంలోకి రావడం ఇంకో తలనొప్పి. 2021లో అఫ్గాన్ సెంట్రల్ బ్యాంకుకు చెందిన దాదాపు 700 కోట్ల డాలర్ల నిల్వలను అమెరికా స్తంభింపజేసింది. మామూలు వ్యాపార లావాదేవీలు చేసుకోవచ్చని 2022 ఫిబ్రవరిలో అక్కడి ట్రెజరీ శాఖ విస్తృతమైన అనుమతి ఇచ్చింది గానీ, విదేశీ బ్యాంకులకు ఆ దేశం పేరు వింటేనే భయం. ఎందుకొచ్చిన గొడవ అని బదిలీలు ఆపేస్తాయి. హవాలా మీద నడిపించుకోవాలి, ఆ ఖర్చూ ఆ ఆలస్యమూ తిరిగి తిరిగి కిందికే దిగి, కూలి ఎప్పుడొస్తుందా అని చూసే మనిషి మీద పడతాయి. ఆంక్షలు పాలకుల కోసం పెట్టినవే, కానీ ఇంటర్నెట్‌లో ఆర్డర్ తీసుకుని నలుగురికి పని ఇచ్చే చిన్న షెడ్డు యజమానురాలికి తగిలినంత గట్టిగా ఇంకెవరికీ తగల్లేదు.

ఇంత చిక్కులోనూ బాగా ఆలోచించి చేసిన ప్రయోగం ఒకటుంది, దాని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. షికాగో కేంద్రంగా 2004లో కోనీ డక్‌వర్త్ అనే ఆవిడ మొదలుపెట్టిన ఆర్జూ అనే సంస్థ బామియాన్ ఆడవాళ్లతో తివాచీలు నేయించింది. మార్కెట్ కూలి ఇచ్చి, నాణ్యత బాగుంటే దాని మీద బోనస్ ఇచ్చేవారు. అయితే ఆ పని కావాలంటే ఇంటివాళ్లు ఒక ఒప్పందానికి ఒప్పుకోవాలి: ఇంట్లో పదిహేనేళ్లలోపు పిల్లలందరూ, ఆడపిల్లలతో సహా, బడికి వెళ్లాలి. ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకునే తరగతులకు రావాలి. గర్భిణులను, బాలింతలను ఆస్పత్రికి తీసుకెళ్లనివ్వాలి. ఇందులోని తెలివి ఏమిటంటే, 'ఆడపిల్లలను చదివించండి' అని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఇంటిపెద్ద వద్దంటే బోనస్ పోతుంది, అంతే. భర్తకు, మామగారికి చదువు మీద కొత్తగా ప్రేమ పుట్టాల్సిన పని లేదు, లెక్క అర్థమైతే చాలు. చదవడం, లెక్కపెట్టడం వచ్చిన ఆడమనిషి వ్యాపారి రాసిన చీటీని తానే చదువుకుంటుంది, మీటరు ధర వెనక రోజు కూలి ఎంతో తెలుసుకుంటుంది. 2006లో కాబూల్‌లో మొదలైన టర్కాయిస్ మౌంటెన్ లాంటి సంస్థలు విదేశీ డిజైనర్లను, దుకాణాలను నేరుగా కలిపి, గొలుసులో దళారుల మెట్లు తగ్గించే దారి పట్టాయి. రెండూ మంచి దారులే.

ఆర్జూ షరతును ఇప్పుడు అలాగే తిరిగి పెట్టడం కుదరదు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లను బడికి పంపాలని షరతు పెడితే పంపడానికి బడే లేదు. ఇక్కడే చాలా కష్టమైన ప్రశ్న వస్తుంది. బడి లేని పదమూడేళ్ల పిల్ల ఖాళీగా ఇంట్లో ఉండటం కంటే తల్లి పక్కన నేయడం నయం కదా అని చాలామంది అంటారు, ఆ ఇంటి ఆకలి చూస్తే ఆ మాటను కొట్టిపారేయలేం. కానీ చిన్న వేళ్లకు సన్న ముడులు బాగా పడతాయన్న మాట తివాచీ పరిశ్రమలో పిల్లలను ఎంత దారుణంగా వాడుకోవడానికి సాకయిందో మన దేశానికి బాగా తెలుసు. ఉత్తరప్రదేశ్‌లోని భదోహీ, మీర్జాపూర్ మగ్గాల మీద నుంచి పిల్లలను విడిపించిన పోరాటంలో నుంచే కైలాశ్ సత్యార్థి 1994లో, తివాచీ పిల్లల చేత నేయించింది కాదని చెప్పే రగ్‌మార్క్ ముద్రను తెచ్చారు, అదే ఇప్పుడు గుడ్‌వీవ్, అఫ్గానిస్తాన్‌లోనూ పనిచేసింది. ఇంట్లో నేసే చోట తనిఖీ చాలా కష్టం, ఫ్యాక్టరీలోకి వెళ్లినట్టు ఇంట్లోకి వెళ్లలేరు, వెళ్లడానికి మహిళా ఇన్‌స్పెక్టర్లే కావాలి, ఆ ఆడవాళ్లు సంస్థల్లో ఉద్యోగం చేయకూడదని నిషేధం. ఇంత బిగింపులో కూడా చేయగలిగింది ఒకటుంది: పెద్దవాళ్ల కూలితోనే ఇల్లు గడిచేలా ఉంటే పిల్ల రోజంతా మగ్గం మీద ఉండక్కర్లేదు. కూలి తక్కువైనప్పుడే ఇంకో జత చేతులు కావాల్సి వస్తాయి. ఇక నేతతో పాటు అదే గదిలో రోజుకు రెండు గంటలు లెక్కలూ చదువూ చెప్పించగలిగితే, అదీ చాటుగా అయినా సరే, మగ్గం కొనివ్వడం కంటే అది పెద్ద సాయం.

ఒంటి నొప్పుల మాట చెప్పకుండా వదిలేయలేం. వెలుతురు చాలని మట్టి గదిలో, ఊలు ధూళి పీలుస్తూ, రోజంతా వంగి కూర్చునే పని. కళ్లు పోతాయి, నడుము పోతుంది, దగ్గు పట్టుకుంటుంది. ఉత్తరాది తుర్క్‌మెన్ పల్లెల్లో నొప్పి తెలియకుండా నల్లమందు తీసుకోవడం, ఏడవకుండా నిద్రపోవాలని పసిపిల్లలకు కూడా కొంచెం నాకించడం ఏళ్ల తరబడి ఉన్న విషయమే, వైద్యుడు దొరకని చోట అదే మందు. వీపు ఆనించుకోవడానికి వీలున్న నిలువు మగ్గం, ఒక కిటికీ, ఒక సోలార్ బల్బు, గంటకోసారి లేచి నడవమని చెప్పే మనిషి, వీటికి పెద్ద ఖర్చేమీ కాదు. అయినా ప్రాజెక్టు ప్రతిపాదనల్లో వీటికి దొరికే చోటు మగ్గాల సంఖ్యకు దొరికే చోటుతో పోలిస్తే చాలా తక్కువ.

కాబట్టి సాయం ఎక్కడ పెట్టాలంటే, మొదట ఊలు దగ్గర. పది పదిహేను ఇళ్లు కలిసి ఊలును టోకున కొనుక్కునేలా వడ్డీ లేని పెట్టుబడి ఇస్తే వ్యాపారి అడ్వాన్సు పట్టు సడలుతుంది. కూలిని తివాచీ దించేదాకా ఆపకుండా నేసిన మూర మూరకూ ఇవ్వాలి, ఎందుకంటే అప్పు పుట్టేది ఆ మూడు నెలల ఎదురుచూపులోనే. కడగడం, కత్తిరించడం, నాణ్యత చూడటం, ఫోన్‌లో ఫొటో తీసి కొనుగోలుదారుతో మాట్లాడటం లాంటివి ఆడవాళ్లకు నేర్పితే డబ్బున్న మెట్టుకు వాళ్లు ఎక్కుతారు. అన్నిటికంటే ముఖ్యంగా ఆర్డరు. 2023 చివర్లో పాకిస్తాన్, ఆ తర్వాత 2025లో ఇరాన్ లక్షల మంది అఫ్గాన్లను వెనక్కి పంపేశాయి, వాళ్లలో చెయ్యి తిరిగిన నేతగత్తెలు ఎందరో. నేసేవాళ్లు పెరిగారు, కొనేవాళ్లు పెరగలేదు. కొనుగోలుదారు ముందుగా మాట ఇవ్వకుండా ఇంకో వంద మగ్గాలు ఎక్కిస్తే, పాత వందమంది కూలి తెగ్గోసినట్టే.

తివాచీ కొనే స్తోమత ఉన్న తెలుగువాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు, డల్లాస్‌లో ఉన్నారు. కొనేటప్పుడు తిరగేసి వెనక్కి చూడండి. చేత్తో ముడి వేసినదైతే ముందున్న పువ్వు వెనక కూడా స్పష్టంగా కనిపిస్తుంది, ముడులు అక్కడక్కడా కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటాయి, కొసన వేలాడే కుచ్చు పడుగు దారమే అయి ఉంటుంది తప్ప తర్వాత కుట్టింది కాదు. గుడ్‌వీవ్ లేబుల్ ఉంటే దాని మీద నంబరు ఉంటుంది, దాన్ని సరిచూసుకోవచ్చు. ఆ తర్వాత దుకాణదారును మూడు సంగతులు అడగండి: ఏ ఊళ్లో నేశారు, ఎక్కడ కడిగారు, నేసినవాళ్లకు మీటరుకు ఎంత ఇచ్చారు. మొదటి రెండింటికీ చాలామంది ఏదో ఒకటి చెబుతారు. మూడోదానికి లెక్క చూపించగలిగిన దుకాణం దొరికితే బేరం మరీ గట్టిగా ఆడకండి.